ఉప్పుకు లొంగని లోహం

గోదావరి జిల్లాల్లో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి ఆ ఆకుపచ్చ మరక పరిచయమే. ఒక వేసవి గడిచేసరికి ముక్కు మీద ఆనే ప్యాడ్ల వెనకాల, సన్నని తీగ మెలి తిరిగినచోట నాచులాంటిది పేరుకుంటుంది. గోటితో గీకితే పోతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని చిలుము అంటారు. దేవుడి గదిలో రాగి చెంబుకు పట్టేదీ అదే. ఫ్రేము పైకి వెండిలా మెరుస్తున్నా లోపలున్నది రాగీ నికెలూ కలిసిన మిశ్రమం. చెమటలో ఉప్పు, గాలిలో ఉప్పు. పైపూత ఎక్కడ చిట్లితే అక్కడ రాగి తన రంగు బయటపెట్టుకుంటుంది.

విసుగెత్తి దుకాణానికి వెళితే అద్దాల బీరువా కింది సొరుగులోంచి ఇంకో రకం తీస్తారు. రంగు కాస్త బూడిద, మెరుపు తక్కువ, ధర ఎక్కువ. చేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నంత తేలిక. కాడ లోపలివైపు చిన్న అక్షరాలతో టైటానియం అని రాసి ఉంటుంది. జపాన్ సరుకు మీద కొన్నిటికి ‘టైటాన్-పి’ అన్న ముద్ర కనిపిస్తుంది. ఆ ‘పి’ ప్యూర్ అనడానికి గుర్తు. జపాన్‌లో ఫుకుయి ప్రాంతంలోని సబాయె ఊరు కళ్ళజోళ్ళకు పెట్టింది పేరు. చీరలకు ఉప్పాడ ఎలాగో ఫ్రేములకు అది అలాగ. టైటానియంతో ఫ్రేములు చేయడం 1980ల మొదట్లో పట్టుబట్టి సాధించింది ఆ ఊరి పనివాళ్ళే. చిలుము పట్టదు, నికెల్ పడనివాళ్ళకి దురద పుట్టదు, రాత్రి దిండు కింద నలిగినా కాడ తిరిగి తన ఒంపుకు వస్తుంది.

టైటానియం అనగానే జనానికి గుర్తొచ్చేవి విమానాలు, రాకెట్లు, ఈమధ్య ఫోన్లు. నిజానికి వాటిలో ఎక్కువ భాగం మిశ్రమాలు. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో అంచున ఉన్నది అల్యూమినియం, వెనేడియం కలిపిన గ్రేడ్ 5. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశలో ఇంధనం మోసే ట్యాంకులూ ఆ కుటుంబానివే. సముద్రంలో 6,000 మీటర్ల లోతుకు ముగ్గురు మనుషుల్ని దించాలని తయారవుతున్న మత్స్య-6000 గోళం కూడా మిశ్రమమే. దాని మందం 80 మిల్లీమీటర్లు. (చేతి గడియారాల టైటన్‌కి మాత్రం ఈ లోహంతో చుట్టరికం లేదు. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు పేర్లను కుదించి అతికిస్తే వచ్చిన పేరది.)

ఏమీ కలపని టైటానియం వేరు. పరిశ్రమలో దాన్ని ‘కమర్షియల్లీ ప్యూర్’, పొట్టిగా సీపీ టైటానియం అంటారు. దీనికి అంత బలం లేదు, ఆకాశంలో పేరూ లేదు. దీని గొప్పంతా ఒక్కటే: చుట్టూ ఎన్ని ఘోరాలు జరుగుతున్నా తను మాత్రం ఏ రసాయన గొడవలోకీ దిగకపోవడం. ఉప్పు గాలి, ఉప్పు నీరు, తడి క్లోరిన్ వాయువు, మనిషి నెత్తురు దేనికీ స్పందించదు. ఇంత ఉప్పు మధ్య బతికే డెల్టాకు ఇంతకంటే సరిపడే లోహం లేదు. డెల్టాలో అది ఉంది కూడా. ఎవరూ చూడనిచోట.

అంతర్వేది కాటుక

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఆటు సమయంలో నడిస్తే తడి ఇసుక మీద కాటుక దిద్దినట్టు నల్లటి చారలు కనిపిస్తాయి. అవి మురికి కాదు. అల వచ్చి వెనక్కి తీసేటప్పుడు తేలికైన తెల్ల ఇసుకను లాక్కుపోతుంది, బరువైన గింజలను వదిలేస్తుంది. చేటతో చెరిగినట్టే, కాకపోతే ఇక్కడ పొట్టు పోయి మిగిలే గింజ నల్లనిది. పిల్లలు అయస్కాంతం పెట్టి లాగితే గడ్డంలా వేలాడేది చాలావరకు మాగ్నటైట్. అంతగా అంటుకోకుండా మొండికేసే నల్ల గింజల్లో ఇల్మనైట్ ఉంటుంది. ఇనుమూ టైటానియమూ ఆక్సిజన్‌తో ముడిపడిన ఖనిజం అది. పక్కనే ఎర్రగా మెరిసేవి గార్నెట్ పలుకులు.

ఇవన్నీ తూర్పు కనుమల కొండరాళ్ళు అరిగి, నదుల వెంట దిగివచ్చిన సరుకు. ఖొండలైట్ అనే రాయి ఆ కొండల్లో ముఖ్యమైనది. అణు ఖనిజాల అన్వేషణ సంస్థ తీరం పొడుగునా ఈ నల్ల ఇసుకను దశాబ్దాలుగా లెక్కగడుతూ వచ్చింది. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం, కాకినాడ, నరసాపురం తీరాల దాకా నిల్వలు గుర్తించింది. అణు సంస్థకు ఇసుకతో పనేమిటంటే, ఇల్మనైట్‌తో పాటే థోరియం ఉన్న మోనజైట్ కూడా దొరుకుతుంది.

తవ్వకాల మాట వచ్చినప్పుడల్లా తీర గ్రామాల్లో అలజడి ఉండేదే, ఉండాల్సిందే. ఉప్పెనకు మొదట అడ్డుపడేది ఆ ఇసుక దిబ్బలే. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమకు ఏమైందో, 1996 నవంబరు 6న కోనసీమకు ఏమైందో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇంతకీ ప్రపంచంలో తవ్విన టైటానియం ఖనిజంలో లోహంగా మారేది చాలా కొద్ది. నూటికి తొంభై పాళ్ళకు పైగా తెల్ల రంగుకు పోతుంది. టైటానియం డయాక్సైడ్ అన్నది లోకంలోకెల్లా తెల్లటి పొడుల్లో ఒకటి. గోడకు వేసే పెయింటు, బల్ల మీది తెల్లకాగితం, టూత్‌పేస్టు, మాత్ర పైపూత, అన్నిటిలోనూ అదే. అంతర్వేది కాటుక చివరికి పెళ్ళింటి గోడకు తెలుపవుతుందన్నమాట.

క్లోరిన్ పుట్టే ఇల్లు

ఇసుకలోంచి లోహాన్ని లాగడం ఒక తపస్సు. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు వాగు ఇసుకలో ఈ కొత్త పదార్థం ఉనికి పట్టుకున్నాడు. 1795లో జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ పేరు పెట్టాడు. స్వచ్ఛమైన లోహాన్ని మాథ్యూ హంటర్ చేతిలోకి తెచ్చుకున్నది 1910లో. వంద రూపాయల నోటుకు చిల్లర దొరకడానికి వందేళ్ళు పట్టినట్టుంది కథ. చివరికి లక్సెంబర్గ్‌లో పుట్టిన విలియం క్రోల్ 1930ల్లో దారి వేశాడు. 1948లో అమెరికాలో అమ్మకానికి తయారీ మొదలైంది. ఇవాళ్టికీ ప్రపంచం ఆ దారినే నడుస్తోంది.

ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, ఎర్రగా కాగిన కొలిమిలోకి క్లోరిన్ పంపుతారు. టైటానియం క్లోరిన్‌ను పట్టుకుని ఆవిరిగా బయటికి వచ్చి, చల్లారి ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని శుద్ధి చేసి, గాలి చొరబడని పాత్రలో కరిగిన మెగ్నీషియం మీదకు వదులుతారు. క్లోరిన్ మెగ్నీషియంతో వెళ్ళిపోతుంది. మిగిలేది బూడిదరంగు, బొరియల బొరియలుగా ఉన్న ముద్ద. చూడటానికి స్పాంజిలా ఉంటుంది కాబట్టి పేరూ స్పాంజే. ఒక్కో విడతకు రోజులు పడుతుంది. ఉక్కు కొలిమిలా పగలూ రాత్రీ ధారగా పారే పని కాదు. ధర ఎక్కువ కావడానికి అసలు కారణం అరుదుగా దొరకడం కాదు. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల్లో టైటానియానిది తొమ్మిదో స్థానం. కారణం ఈ చాకిరీయే.

క్లోరిన్ లేనిదే టైటానియం రాదు. ఇక కొవ్వూరులో దీనికి తలకిందులు జరుగుతుంది.

ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో తణుకులో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ చక్కెరతో ఆగలేదు. ఇస్రో రాకెట్లకు యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం అక్కడ తయారవుతుంది. కొవ్వూరులోనూ, గోపాలపురం దగ్గరి సగ్గొండలోనూ ఉప్పునీటిని విద్యుత్తుతో చీల్చి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు. 2022 ఏప్రిల్‌లో బిక్కవోలు మండలం బలభద్రపురంలో గ్రాసిం కూడా ఇదే పరిశ్రమ మొదలుపెట్టింది. సబ్బుకు, కాగితానికి, బట్టల మిల్లుకు కాస్టిక్ కావాలి. కాలవ నీళ్ళు తాగే ఊళ్ళ ఫిల్టరు బెడ్లకు క్లోరిన్ కావాలి. వరద తగ్గాక బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు, రొయ్యల చెరువు కట్టేముందు నీళ్ళలో కలిపే బ్లీచింగ్ పౌడరు అన్నీ ఆ గొట్టాల చివరి సరుకే. టన్ను కాస్టిక్ తయారైతే 880 కిలోలకు పైగా క్లోరిన్ తోడు పుడుతుంది, వద్దన్నా.

దేశంలో ఈ పరిశ్రమ పాత పాదరసం పద్ధతి వదిలేసి మెంబ్రేన్ సెల్ పద్ధతికి వచ్చేసింది. సెల్ అంటే మధ్యలో పల్చని పాలిమర్ పొర, అటొక గది, ఇటొక గది. కాస్టిక్ పుట్టే గదిలో నికెల్ నిలబడుతుంది. క్లోరిన్ పుట్టే గది సంగతి వేరు. సుమారు 85 నుంచి 90 డిగ్రీల వేడిమీద చిక్కటి ఉప్పునీరు, అందులోంచి బుడగలుగా తడి క్లోరిన్. స్టెయిన్‌లెస్ స్టీలు అక్కడ నిలవలేదు. రాగి, ఇత్తడి, అల్యూమినియం మాట సరేసరి. ఆ గదిని కట్టేది సీపీ టైటానియం రేకుతో.

పాతరోజుల్లో ఆ వైపున గ్రాఫైటు పలకలు వేలాడదీసేవారు. అవి వాడకంలో అరిగిపోయేవి, అరిగినకొద్దీ ఎడం పెరిగి కరెంటు ఎక్కువ తాగేవి, ఎప్పటికప్పుడు సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చేది. టైటానియం పెడదామంటే ఒక చిక్కు. దాన్ని కాపాడేది తన మీద తనే కట్టుకునే పల్చని ఆక్సైడు పైపొర, ఆ పొరే కరెంటును ఆపేస్తుంది. డచ్ ఆవిష్కర్త హెన్రీ బీర్ 1965లో దారి చూపించాడు: టైటానియం మీద రుథీనియం ఆక్సైడు పూత పూస్తే పూత కరెంటును దాటిస్తుంది, కింద లోహం చెక్కుచెదరదు. ఇటలీకి చెందిన డి నోరా సంస్థ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. పలక ఆకారం ఏళ్ళ తరబడి మారదు. ఇరవయ్యో శతాబ్దపు రసాయన పరిశ్రమలో ఇంత పెద్ద మార్పు ఇంత నిశ్శబ్దంగా వచ్చిన సందర్భాలు తక్కువ. ఒక వస్తువు రూపకల్పనలో పదార్థం ఎంపిక ఎంత పని చేస్తుందో చూపించాలంటే ఫోను అంచు కన్నా ఇది మంచి ఉదాహరణ.

ఇందులో ఇంకో తిరకాసుంది. టైటానియం తడి క్లోరిన్‌కు లొంగదుగానీ పూర్తిగా ఆరిన క్లోరిన్ తగిలితే అంటుకుని కాలిపోతుంది. దాన్ని కాపాడే పొర కట్టుకోవడానికి కాస్త నీటి తేమ ఉండాలి. మామూలు ఉక్కుది సరిగ్గా ఎదురు గుణం. పొడి క్లోరిన్‌ను మోస్తుంది, తడి క్లోరిన్‌లో తినబడుతుంది. అందుకని సెల్‌లోంచి వచ్చిన వాయువును టైటానియం గొట్టాల్లో చల్లార్చి, గంధకికామ్లంతో ఆరబెట్టి, ఆ తర్వాతే ఉక్కు పైపులోకి పంపుతారు. ఎక్కడ ఒక లోహం ఆగి ఇంకోటి మొదలవ్వాలో నిర్ణయించేది తడి. ఆ గీత దగ్గర పొరబాటు పడితే ప్లాంటే మిగలదు. గ్యాస్కెట్ కింద వేడి ఉప్పునీరు ఇరుక్కునేచోట మాత్రం శుద్ధ టైటానియం కూడా మెల్లగా తినబడుతుంది. అక్కడ చిటికెడు, అంటే నూటికి 0.12 నుంచి 0.25 పాళ్ళు పల్లాడియం కలిపిన గ్రేడ్ 7 వాడతారు.

ఇదే గుణం ఇంకా చిన్న వస్తువుల్లోనూ పనికొస్తుంది. రొయ్య పిల్లల హేచరీల్లో, అక్వేరియాల్లో ఉప్పునీటిని వేడిచేసే హీటర్లకు టైటానియం తొడుగు ఉన్నవి దొరుకుతాయి. స్టీలైతే సూది పొడిచినట్టు చిల్లులు పడుతుంది. రాగి అయితే ఇంకా ప్రమాదం. నీళ్ళలోకి దిగే కాస్త రాగి చాలు, లేత రొయ్యపిల్ల బతకదు.

మూసలో కరగనిది

గ్రాఫైటు మూసలకు రాజమండ్రిది పాత పేరు. కంచూ ఇత్తడీ అల్యూమినియమూ పోతపోసేవాళ్ళు, బంగారప్పని వాళ్ళు కరిగించుకునే నల్లటి పాత్రలవి. ఆ మూసలో టైటానియం పడితే మాత్రం పని జరగదు. 1,668 డిగ్రీల దగ్గర కరిగే ఈ లోహం అంత వేడిలో కనబడినదాన్నల్లా పట్టుకుంటుంది: మూసలోని కర్బనం, గాలిలోని ఆక్సిజన్, నత్రజని. చల్లగా ఉన్నప్పుడు పరమశాంతం, వేడెక్కితే పరమ ఆకలి. గ్రాఫైటు ఒకసారి కొవ్వూరులో ఓడింది, రెండోసారి ఇక్కడ.

మరి దేనిలో కరిగిస్తారంటే రాగిలో. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది కదా అన్న అనుమానం సహజం. రాగి పాత్ర చుట్టూ నీళ్ళు పరుగెత్తిస్తారు. స్పాంజిని అదిమి కడ్డీగా చేసి, గాలి తీసేసిన గదిలో, ఆ కడ్డీ కొసనుంచి విద్యుత్ మెరుపు లేపుతారు. కరిగిన బొట్టు రాగి గోడ తాకీ తాకగానే గడ్డకట్టి తన మూసను తనే కట్టుకుంటుంది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్, అందరూ పిలిచే పేరు మిధాని, ఈ పనే చేస్తోంది. మిశ్రమాలతో పాటు శుద్ధ టైటానియమూ పోస్తోంది. స్పాంజి తయారీ పద్ధతిని మన దేశానికి సాధించి పెట్టింది పక్కనే ఉన్న రక్షణ లోహ పరిశోధనాలయం, డీఎంఆర్‌ఎల్. ఆ పద్ధతితోనే కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల ప్లాంటు 2011లో మొదలైంది. అంతకు ముందు ఆ స్పాంజి కోసం విదేశాల మొహం చూడాల్సి వచ్చేది.

శుద్ధ టైటానియంలో నాలుగు గ్రేడ్లు. తేడా అంతా ఆక్సిజన్‌ది. గ్రేడ్ 1లో గరిష్ఠంగా నూటికి 0.18 పాళ్ళు, గ్రేడ్ 4లో 0.40. బెల్లం అదే, నీళ్ళవే, నాలుగు నిమిషాల తేడాలో లేతపాకం తీగపాకమై, ముదురుపాకమై, ఉండకట్టు పాకమైనట్టు ఈ కొద్ది తేడాకే లోహం స్వభావం మారిపోతుంది. గ్రేడ్ 1 సుమారు 170 మెగాపాస్కల్స్ దగ్గర లొంగి ఎటు వంచితే అటు వంగుతుంది. లోతైన గిన్నెలు, ముడతల పలకలు దానితో చేస్తారు. గ్రేడ్ 4 దాదాపు 480 దాకా తట్టుకుంటుంది. మధ్యలో ఉన్న గ్రేడ్ 2 అందరి వాడకంలోనిది. బలంలో మామూలు ఇనుప కమ్మీ కంటే ఒక పిసరు ఎక్కువ, బరువులో సగానికి కాస్త ఎక్కువ. లీటరు కొలతకు ఉక్కు 7.85 కిలోలు తూగితే ఇది నాలుగున్నర, అల్యూమినియం 2.7.

వెల్డింగు చేసేవాడికి ఇది పరీక్ష పెడుతుంది. మన ఊళ్ళలో ఆర్గాన్ వెల్డింగ్ అనే పద్ధతే కావాలి, అదీ ముందువైపూ వెనకవైపూ ఆర్గాన్ కప్పి. అతుకు వెండిలా వస్తే సరే. గడ్డి రంగు వస్తే ఫరవాలేదు. నీలం తిరిగితే గాలి దూరినట్టు, తెల్లపొడి రాలితే కోసి పారేయాల్సిందే. లేత్ మీద తరిగేటప్పుడు పనిముట్టుకు అంటుకుంటుంది, వేడిని బయటికి పోనివ్వదు, సన్నని చెక్కు పోగుపడితే అంటుకుంటుంది కూడా. ఆ మంట మీద నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక పోయాలి.

అతుకు దగ్గర దోషమైన నీలమే నగ దగ్గర శోభ. టైటానియం ముక్కను సోడా నీళ్ళలో ముంచి కరెంటు పెడితే పైపొర మందమవుతుంది. ఇరవై ముప్ఫై వోల్టులకు ఊదా, నీలం, ఇంకా పెంచితే పసుపు, గులాబి, వంద దాటేసరికి ఆకుపచ్చ. రంగు కలిపింది లేదు. రోడ్డు మీద వాననీటిలో పెట్రోలు చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే ఇంద్రధనుస్సు కిటుకే ఇది. ఉప్పాడ నేతలోని నెమలికంఠం రంగు వోల్టుల మీట తిప్పి రప్పించవచ్చు. కాకపోతే చెయ్యి తగిలి జిడ్డంటితే ఛాయ కాస్త మారి కనబడుతుంది, గీత పడితే కింది బూడిద తొంగిచూస్తుంది.

మెప్పించినవి, నొప్పించినవి

స్పెయిన్‌లోని బిల్బావో ఊళ్ళో 1997లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియంతో టైటానియం భవనాల పైకెక్కింది. ఫ్రాంక్ గేరీ వాడిన రేకు మందం 0.38 మిల్లీమీటర్లు. గాలికి కొద్దిగా అలల్లా కదులుతూ, మబ్బు పట్టినప్పుడు బంగారు ఛాయ, ఎండకు వెండి ఛాయ చూపిస్తుంది. టోక్యోలోని సెన్సోజీ ఆలయం ప్రధాన మందిరం కప్పుకు 2010 నాటికి మట్టిపెంకుల స్థానంలో టైటానియం పెంకులు వేశారు. ఆకారం పాతదే, బరువు ఐదో వంతు. భూకంపాల దేశంలో నెత్తిన బరువు తగ్గడమే వాళ్ళకు కావలసింది. తుపాన్ల కోనసీమలో పెంకుటింటి ఇబ్బంది దీనికి ఎదురు. అక్కడ పెంకు తేలికైతే గాలికి అదే మొదట లేస్తుంది.

అన్నీ మెప్పు పొందలేదు. 2001లో ఆపిల్ విడుదల చేసిన పవర్‌బుక్ జీ4 ల్యాప్‌టాప్‌కు గ్రేడ్ 1 శుద్ధ టైటానియం రేకు తొడిగారు. ఒక అంగుళం మందం, చూసినవాళ్ళు నోరు తెరిచారు. తర్వాత అంచుల పెయింటు పెచ్చులు ఊడింది, మూత కీళ్ళు విరిగాయి, లోహపు తొడుగు వైర్‌లెస్ సిగ్నల్‌కు అడ్డుపడింది. 2003కల్లా అల్యూమినియం వచ్చేసింది. లోహం చెడ్డది కాదు. టైటానియం బిగువు ఉక్కులో సగం మాత్రమే. అదే మందంలో రెట్టింపు వంగుతుంది. కళ్ళజోడు కాడకు వరమైన గుణం ల్యాప్‌టాప్ మూతకు శాపమైంది. పైపెచ్చు వంచినప్పుడు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి, అచ్చు చేసేవాడు ముందే లెక్కేసి కాస్త ఎక్కువ వంచాలి.

వంటింటి సంగతి మరీ విచిత్రం. పులస పులుసు పెట్టడానికి పాత్ర వెతికితే, చింతపండు పులుపుకు అల్యూమినియం గిన్నె తినబడుతుంది, ఇత్తడికి కళాయి పూత కావాలి. టైటానియానికి ఆ పులుపు లెక్కేకాదు, రుచిలోకి లోహపు వాసన దిగదు. కానీ వేడిని పాకనివ్వడంలో అది మహా పిసినారి. అల్యూమినియం పంపే వేడిలో పదో వంతు కూడా పంపదు. స్టవ్వు మంట తగిలిన చోట మాడుతుంది, అంచున ఉడకదు. అందుకే కొండలెక్కేవాళ్ళు దానిలో నీళ్ళు కాచుకుంటారు, టీ తాగుతారు, కూర జోలికి పోరు. పలుచటి గ్లాసు, నూరు గ్రాముల లోపు బరువు, వీపు సంచికి తేలిక. పులుసుకు మట్టిదాక ఉండనే ఉంది.

రాజమండ్రి దానవాయిపేట ఆసుపత్రుల వీధుల్లో రోజూ ఎవరో ఒకరి దవడలో ఈ లోహం బిగిస్తుంటారు. స్వీడన్ వైద్యుడు పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ 1952లో కుందేలు ఎముకలో నెత్తురు ప్రవాహం చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు. పరిశీలన అయ్యాక తీయబోతే ఊడి రాలేదు. ఎముక దాన్ని పరాయిదనుకోకుండా అల్లుకుపోయింది. 1965లో మొదటి మనిషికి పంటి వేరుగా దాన్ని బిగించాడు. ఇవాళ పంటి ఇంప్లాంట్లలో శుద్ధ టైటానియానిది, ముఖ్యంగా గ్రేడ్ 4ది, పెద్ద వాటా. దవడలోని ఉప్పు నెత్తుట్లో, నాలుగైదు నానోమీటర్ల పైపొర కాపలాతో, కొవ్వూరు సెల్‌లో ఉన్నంత నిశ్చింతగా ఉంటుంది.

పెన్ను దగ్గర

వస్తువు డిజైను గురించి రాజమండ్రిలో మాట్లాడుతూ రత్నం పెన్ను ఎత్తకుండా ముగించలేం. స్వదేశీ పిలుపు అందుకుని కోసూరి వెంకటరత్నం 1932లో ఇక్కడ ఫౌంటెన్ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. 1935లో గాంధీజీ ఆ పెన్ను అందుకుని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అప్పటినుంచీ ఒళ్ళు ఎబొనైట్‌దే: రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచిన కడ్డీని లేత్ మీద చేత్తో తరిగిన రూపం.

పార్కర్ కంపెనీ 1970లో టీ-1 పేరుతో పూర్తిగా టైటానియం పెన్ను తెచ్చింది. పాళీ వేరుగా లేదు, ఒంటితోనే కలిసిపోయి ఉంటుంది. చంద్రయానాల హుషారులో పుట్టిన వస్తువు. అందంగానే ఉంది, చేయడమే తలకు మించిన పనైంది. ఏడాది తిరిగేసరికి ఆపేశారు. ఇప్పుడు జర్మనీలోని బాక్ వంటి పాళీల తయారీదార్లు టైటానియం పాళీలు విడిగా చేస్తున్నారు, చేత్తో పెన్నులు చేసేవాళ్ళు తెప్పించి బిగిస్తున్నారు. ఆ పాళీ రాసేటప్పుడు మెత్తగా ఊగుతుంది, కాగితం మీద చిన్న గరగర. ఉక్కు పాళీని తినేసే ఇనుప సిరా దాన్ని ఏమీ చేయలేదు. గట్టిగా నొక్కి రాసే అలవాటు ఉంటే మాత్రం వంగినది వంగినట్టే ఉండిపోతుంది. పరీక్ష హాల్లో పనికిరాదు.

ఒంటికి ఎబొనైట్, పాళీకి టైటానియం అన్నది మంచి పొత్తే. ఎబొనైట్ చేతిలో చల్లగా తగలదు, చెమట పట్టిన వేళ్ళలో జారదు. కాకపోతే ఏళ్ళ తరబడి ఎండా తేమా తగిలితే అందులోని గంధకం పైకి తేలి, నల్లరంగు వెలిసి, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. పాత పెన్నున్నవాళ్ళలో కొందరు దాన్ని మళ్ళీ పాలిష్ పట్టిస్తారు, కొందరు అలాగే ఉంచుకుంటారు.